ఫార్మాట్ కొట్టకుండా లేచిన విండోస్ 98

మా బాబాయి డీటీపీ షాపులో ఓ పాత సిస్టమ్ ఉంది. అందులో పేజీలు తీర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పెళ్లిపత్రికల ఫైళ్లు, అన్నీ 'అను' అనే తెలుగు ఫాంట్లలో చేసినవి. ఈమధ్య అది విండోస్ 98 మబ్బుల బొమ్మ దగ్గరే ఆగిపోతోంది. మెకానిక్ చూసి "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడట. "నా ఫైళ్లు పోతాయి కదరా!" అని బాబాయి నాకు ఫోన్ చేశాడు. హార్డ్ డిస్క్ ఊడదీసి ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు, నిజమే. కానీ ఆ ఫాంట్లు, ఆ పేజ్‌మేకర్, ఆయన చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్ అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి మరి.

ఆన్ చేయగానే "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్" అని, ఎఫ్1 నొక్కమని వచ్చింది. అంటే బోర్డు మీది చిన్న సెల్‌తో నిలిచే సెట్టింగులు (సీమాస్) చెడి, వాటి బదులు మొదటి సెట్టింగులు వచ్చాయని. బాబాయి రోజూ ఎఫ్1 కొట్టి ముందుకెళ్తున్నాడు. దాని వెనకే సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే ఓ పట్టిక వచ్చి రెప్పపాటులో పోతుంది. సరిగ్గా అప్పుడు పాజ్ కీ కొడితే తెర అలాగే నిలబడుతుంది, తీరిగ్గా చదువుకోవచ్చు. అందులో హార్డ్ డిస్క్ పేరు కనపడింది, అంటే సిస్టమ్ దాన్ని గుర్తిస్తోంది. హమ్మయ్య.

మబ్బుల దగ్గర ఆగినప్పుడు నమ్‌లాక్ నొక్కి చూశాను. లైటు మారలేదు. అంటే కీబోర్డు మాట వినే స్థితిలో కూడా లేదు, కంట్రోల్+ఆల్ట్+డిలీట్ పనిచేయదు, రీసెట్ బటనే గతి. (ఆ మూడు కీలతో రీస్టార్ట్ చేస్తే మెమరీలో 1234 అనే హెక్స్ గుర్తు పడుతుంది. అది చూసి బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) ర్యామ్ పరీక్ష వదిలేస్తుంది. రీసెట్ కొడితే మళ్లీ మొదట్నుంచీ లెక్క.)

ఈసారి కంట్రోల్ కీ పట్టుకుని ఉంచితే స్టార్టప్ మెనూ వచ్చింది. రెండోది, లాగ్డ్, ఎంచుకున్నాను. విండోస్ లేస్తూ చేసే ప్రతి పనినీ ఇది బూట్‌లాగ్ అనే ఫైల్లో రాసుకుంటూ పోతుంది. మళ్లీ ఆగింది. రీసెట్ కొట్టి, అదే మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌కి (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర) వెళ్లి, సీ డ్రైవ్‌లోని ఆ బూట్‌లాగ్ ఫైల్‌ని ఎడిట్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచాను. కంట్రోల్+ఎండ్ కొడితే నేరుగా చివరి లైను. మధ్యలో "లోడ్‌ఫెయిల్డ్" అని కనపడితే కంగారు పడక్కర్లేదు. వీషేర్, డీసౌండ్ లాంటి కొన్ని డ్రైవర్ల పేర్లు బాగున్న సిస్టమ్‌లోనూ అలాగే వస్తాయి. చూడాల్సింది, మొదలై "సక్సెస్" పడని ఆఖరి పేరు. ఇక్కడ అది సౌండ్ డ్రైవర్, అంటే సౌండ్‌ని నడిపే ప్రోగ్రామ్.

అప్పుడు వెలిగింది. సెల్ చచ్చిపోవడంతో బయోస్ డిఫాల్ట్‌లకు వెళ్లి, ఎప్పుడో ఆపేసిన, మదర్‌బోర్డులోనే ఉండే సౌండ్‌ని మళ్లీ ఆన్ చేసేసింది. విడిగా పెట్టిన సౌండ్ కార్డుతో దానికి గొడవ. ఫార్మాట్ కొట్టినా ఆ సెల్, ఆ గొడవ అలాగే ఉండేవి!

కొత్త సీఆర్2032 సెల్ వేసి, డిలీట్ కీతో సెటప్‌లోకి వెళ్లి తేదీ సరిచేసి, ఆ సౌండ్ ఆపేసి, ఎఫ్10 కొట్టి సేవ్ చేశాను. విండోస్ లేచింది. ముందుగా ఫైళ్లన్నీ సీడీలకెక్కించాం. పెన్‌డ్రైవ్ పెడదామంటే విండోస్ 98 దానికి వేరే డ్రైవర్ అడుగుతుంది, ఆ తతంగం ఇంకోసారి.