తెలంగాణ టీడీపీ: ఓట్ల కంటే ముందు నాయకులు పోయిన పార్టీ

తెలంగాణలో టీడీపీ ఎందుకు పోయిందని అడిగితే చాలామంది "ఆంధ్ర పార్టీ ముద్ర" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం నిజమే. 2014లో, విభజన వేడి అంత ఉన్నప్పుడు కూడా, బీజేపీతో పొత్తులో పోటీ చేసి ఆ పార్టీ తెలంగాణలో 15 అసెంబ్లీ సీట్లు, దాదాపు 14.7 శాతం ఓట్లు, మల్కాజిగిరి ఎంపీ స్థానం తెచ్చుకుంది. ముద్ర అప్పటికే పడి ఉంది. అసలు దెబ్బ ఆ తర్వాత రెండేళ్లలో పడింది, అదీ పోలింగ్ బూత్‌లో కాదు.

పాత చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. పార్టీ పుట్టింది హైదరాబాద్‌లోనే, 1982 మార్చి 29న. పటేల్, పట్వారీ (వంశపారంపర్య గ్రామాధికారుల) వ్యవస్థ రద్దు, తాలూకాలు పోయి మండలాలు రావడం వంటి వాటితో తెలంగాణ పల్లెల్లో బీసీలకు రాజకీయాల్లో చోటు దొరికింది. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురంతో పాటు నల్లగొండలోనూ గెలిచారు. 1989లో అదే ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయారు. ఎలిమినేటి మాధవరెడ్డి, దేవేందర్ గౌడ్, తుమ్మల నాగేశ్వరరావు, నాగం జనార్దన్ రెడ్డి, కేసీఆర్... ఈ వరస చూస్తే ఆ రోజుల్లో ఇక్కడ నాయకత్వానికి కొరత లేదు. కాకపోతే "తెలంగాణ శాఖ" అని విడిగా ఏమీ ఉండేది కాదు. అందరూ ఒకే పార్టీ, ఒకే అధినేత.

2001లో కేసీఆర్ డిప్యూటీ స్పీకర్ పదవి వదిలి టీఆర్‌ఎస్ పెట్టారు. 2008లో దేవేందర్ గౌడ్ బయటికి వెళ్లారు. అదే ఏడాది పార్టీ ప్రత్యేక రాష్ట్రానికి అనుకూలమని తీర్మానించి, 2009లో టీఆర్‌ఎస్‌ను, కమ్యూనిస్టులను కలుపుకుని మహాకూటమి కట్టింది. తెలంగాణలోని 119 సీట్లలో టీడీపీకి 39 వచ్చాయి, టీఆర్‌ఎస్‌కు 10. ఏడాది దాటగానే 2010 జూలైలో 12 స్థానాల ఉపఎన్నికలొస్తే టీడీపీకి ఒక్కటీ దక్కలేదు. టీఆర్‌ఎస్ 11, బీజేపీ 1. తెలంగాణ, ఆంధ్ర రెండూ తనకు రెండు కళ్లన్న చంద్రబాబు సిద్ధాంతానికి జనం ఇచ్చిన మార్కులు అవి.

ఇక 2014 నాటి 15 సీట్లను మ్యాప్ మీద పెట్టి చూడండి. సనత్‌నగర్, జూబ్లీహిల్స్, సికింద్రాబాద్ కంటోన్మెంట్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుత్బుల్లాపూర్, రాజేంద్రనగర్, ఎల్‌బీ నగర్, మహేశ్వరం, ఇబ్రహీంపట్నం. ఈ పదీ నాటి హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోవే. మిగతా ఐదు పాలకుర్తి, పరకాల, కొడంగల్, నారాయణపేట, సత్తుపల్లి. నాటి ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాల్లో సున్నా. అంటే 2014 నాటికే పార్టీ ఒక నగరపు పార్టీగా కుంచించుకుపోయింది. రాజధాని చుట్టుపక్కల నియోజకవర్గంలో ఎమ్మెల్యేకి రోడ్లు, లేఔట్లు, అనుమతులు అన్నీ ప్రభుత్వంతోనే పని. అలాంటి చోట ప్రతిపక్షంలో ఐదేళ్లు కూర్చోవడం ఎవరికైనా కష్టమే.

ఫిరాయింపు ఎలా సాగిందో తెలియాలంటే రాజ్యాంగంలోని పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం లెక్క తెలియాలి. ఒక్కరు పార్టీ మారితే అనర్హత. శాసనసభా పక్షంలో, అంటే ఆ పార్టీ ఎమ్మెల్యేల్లో, మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకుంటే అనర్హత వర్తించదు. 15లో మూడింట రెండొంతులంటే 10. పదిమందీ ఒకేసారి వెళ్లలేదు, ఒక్కొక్కరుగా వెళ్లారు. తలసాని శ్రీనివాస్ యాదవ్ 2014 డిసెంబర్‌లో ఏకంగా టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. అనర్హత ఫిర్యాదులు స్పీకర్ ముందు ఉండిపోయాయి, ఈలోగా సంఖ్య పెరుగుతూ పోయింది. 2016 ఫిబ్రవరిలో శాసనసభా పక్ష నేత ఎర్రబెల్లి దయాకర్ రావే వెళ్లిపోయాక లెక్క సరిపోయింది. మార్చిలో స్పీకర్ విలీనాన్ని గుర్తించారు, మొత్తం 12 మంది టీఆర్‌ఎస్ ఖాతాలో చేరారు. రేవంత్ రెడ్డి, సండ్ర వెంకట వీరయ్య, ఆర్. కృష్ణయ్య మాత్రం మిగిలారు. ఫిర్యాదు తేల్చడానికి స్పీకర్‌కు చట్టంలో గడువు పెట్టకపోవడమే ఇందులో అసలు లొసుగు. ఆ లొసుగు ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి పనికొస్తూనే ఉంది.

నాయకులు పోతే ఓటు నిలుస్తుందా? 2016 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఎన్నికలు జవాబు చెప్పాయి. 2009లో 45 డివిజన్లు గెలిచిన పార్టీకి 150లో ఒకటి మిగిలింది. 2020లో అదీ లేదు.

అధ్యక్షుడి కుర్చీ సంగతి. ఎల్. రమణ 2021 వరకు తెలంగాణ శాఖకు అధ్యక్షుడు. కానీ పొత్తు ఎవరితో, ఏ సీటు ఎవరికి అనేది జాతీయ అధ్యక్షుడు చంద్రబాబు స్థాయిలోనే తేలేది. ఎమ్మెల్యేల్లో గట్టిగా గొంతున్న రేవంత్ 2017 అక్టోబర్‌లో కాంగ్రెస్‌లోకి వెళ్లారు. టికెట్ ఇప్పించలేని అధ్యక్షుడి మాటకు జిల్లాల్లో ఏం విలువ ఉంటుంది? 2018లో అది కళ్లకు కట్టింది. కాంగ్రెస్, టీజేఎస్ (తెలంగాణ జన సమితి), సీపీఐలతో కూటమి కట్టి టీడీపీ 13 చోట్ల పోటీ చేసింది. రమణ సొంత నియోజకవర్గం జగిత్యాల మాత్రం కాంగ్రెస్‌కు పోయింది, అక్కడ జీవన్ రెడ్డి నిలబడ్డారు. రాష్ట్ర అధ్యక్షుడికి పోటీ చేయడానికి సీటే లేదు.

ఓటు బదిలీ ఎలా చెడిందో ఇబ్రహీంపట్నంలో చూడొచ్చు. కూటమి తరఫున ఆ సీటు టీడీపీకి ఇచ్చారు, సామ రంగారెడ్డి అభ్యర్థి. టికెట్ దక్కని కాంగ్రెస్ నేత మల్‌రెడ్డి రంగారెడ్డి బీఎస్పీ గుర్తు మీద దిగారు. కింది స్థాయి కాంగ్రెస్ కార్యకర్త పొత్తు ధర్మం చూడలేదు, తన మనిషిని చూశాడు. మల్‌రెడ్డి కేవలం 376 ఓట్లతో ఓడిపోయారు. గెలిచింది 2014లో టీడీపీ నుంచి నెగ్గి టీఆర్‌ఎస్‌లో చేరిన మంచిరెడ్డి కిషన్ రెడ్డి. కూకట్‌పల్లిలో నందమూరి సుహాసినిని ఓడించిన మాధవరం కృష్ణారావుదీ అదే దారి. 13లో టీడీపీకి వచ్చినవి రెండే, సత్తుపల్లి, అశ్వారావుపేట. రెండూ ఉమ్మడి ఖమ్మం జిల్లాలోవే. ఓట్లు దాదాపు 3.5 శాతం.

తర్వాతి కథ త్వరగానే అయిపోతుంది. 2019 లోక్‌సభకు తెలంగాణలో పోటీ లేదు. 2018లో గెలిచిన సండ్ర, మెచ్చా నాగేశ్వరరావు ఇద్దరూ టీఆర్‌ఎస్ వైపు వెళ్లారు, 2021లో ఆ విలీనానికీ ముద్ర పడింది. అదే ఏడాది జూలైలో రమణ కూడా వెళ్లిపోయారు. అధ్యక్షుడిగా బక్కని నర్సింహులు వచ్చారు, 2022 నవంబర్‌లో కాసాని జ్ఞానేశ్వర్ వచ్చారు. డిసెంబర్‌లో ఖమ్మంలో పెద్ద సభ పెట్టి కాస్త కదలిక తెచ్చారు. 2023 అక్టోబర్‌లో, చంద్రబాబు రాజమండ్రి జైల్లో ఉండగా, అసెంబ్లీ ఎన్నికల్లో పోటీ చేయొద్దని తేల్చేసరికి కాసాని రాజీనామా చేసి బీఆర్‌ఎస్‌లో (టీఆర్‌ఎస్ కొత్త పేరు) చేరారు. రాష్ట్ర శాఖను పోటీ నుంచి తప్పిస్తే బూత్ కమిటీకి ఇక పనేముంటుంది? ఆ కార్యకర్తలే ఆ ఎన్నికల్లో తలో పార్టీ జెండా పట్టుకున్నారు. ఆ ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి అయింది రేవంత్ రెడ్డి.

2018 తర్వాత కూడా టీడీపీ సైకిల్ గుర్తు ఎలా నిలిచిందనే అనుమానం చాలామందికి వస్తుంది. రాష్ట్ర పార్టీ హోదాకు దారులు కొన్ని ఉన్నాయి. 6 శాతం ఓట్లతో పాటు 2 అసెంబ్లీ సీట్లు, లేదా మొత్తం సీట్లలో 3 శాతం లేక 3 సీట్లలో ఏది ఎక్కువైతే అది, లేదా 8 శాతం ఓట్లు. 2018 ఫలితం వీటిలో దేనికీ అందదు. కానీ 2016లో ఎన్నికల సంఘం గుర్తుల ఉత్తర్వును సవరించి, సమీక్షను ఐదేళ్లకు బదులు పదేళ్లకు మార్చింది. అందుకే ఒక్క ఎన్నికలో గీత దాటలేకపోయినంత మాత్రాన హోదా వెంటనే పోదు.