గూడబాతు కోసం నెట్టంతా గాలించా (నా అనుభవం)

మా అక్కావాళ్ళది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. తేలినీలాపురం అక్కడికి దగ్గరే, చలికాలం వచ్చిందంటే ఆ ఊరి చెట్ల నిండా గూడబాతులూ (పెలికాన్లు) పెయింటెడ్ స్టార్క్ కొంగలూ గూళ్ళు పెట్టుకుని ఉంటాయి, మా చిన్నప్పుడు సైకిళ్ళేసుకుని వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. ఇప్పుడు మా మేనకోడలు ఎనిమిదో తరగతి. జూలైలో సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఆ పక్షుల మీద 5 నిమిషాల వీడియో చేసి చూపిస్తానని టీచర్‌కి మాటిచ్చేసి ఇంటికొచ్చింది. జూలైలో అక్కడ పక్షులెక్కడివి, పిల్లల్ని పెంచుకుని ఎప్పుడో వెళ్ళిపోయాయి, ఖాళీ గూళ్ళు తప్ప ఏమీ లేవు. "మావయ్యా, నువ్వు వైజాగ్‌లో కంప్యూటర్ ముందే కూచుంటావ్ కదా, నెట్‌లో వెతికి పెట్టవా" అంది. నేను చేసేది అకౌంట్స్ పని, అయినా సరే ఫొటోలు, సౌండ్లు, వీడియో ముక్కలు ఎంతసేపు దొరుకుతాయిలే, ఒక ఆదివారం పని అనుకున్నా. నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదట అందరూ చేసేదే చేశా, గూగుల్ ఇమేజెస్‌లో తెలుగులో గూడబాతు అని కొట్టా. బాతుల పెంపకం మీద వీడియోలు, బాతు గుడ్ల ధర, మధ్యలో ఒకటో రెండో పెలికాన్లు. తేలినీలాపురం పక్షులు అని కొడితే మాత్రం బాగానే వచ్చాయి కానీ అన్నీ పత్రికల ఫొటోలే, మూలన లోగోతో. పైన టూల్స్ నొక్కితే యూసేజ్ రైట్స్ అని ఒకటుంటుంది, అందులో క్రియేటివ్ కామన్స్ పెట్టుకోవచ్చు, అంటే కొన్ని షరతుల మీద ఎవరైనా వాడుకోండని తీసినవాళ్ళే లైసెన్స్ ఇచ్చినవి మాత్రమే చూపిస్తుంది, ఇన్నేళ్ళుగా గూగుల్ వాడుతూ దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు నేను. నొక్కాక స్క్రీన్ దాదాపు ఖాళీ అయిపోయింది.

అందులో కాకుండా ఒక సైట్లో మాత్రం అద్భుతమైన ఫొటో దొరికింది, నీళ్ళ మీద తెల్లటి పెలికాన్ల గుంపు, కింద తేలినీలాపురం అనే రాసుంది. పిల్లకి పంపిస్తే ఎగిరి గంతేసింది. రాత్రి మళ్ళీ చూస్తుంటే ఏదో తేడా కొట్టింది, ముక్కు కింద సంచి పచ్చగా నిమ్మపండులా ఉంది, మన గూడబాతుకి అలా ఉండదు, బూడిద రంగు ఒళ్ళు, పై ముక్కు పొడవునా సిరా చుక్కలు పెట్టినట్టు మచ్చలుంటాయి, అందుకే దాన్ని ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ పెలికాన్ అంటారు. సరే అని ఆ ఫొటోని టిన్‌ఐలో పెట్టా. ఇది 2008 నుంచీ ఉన్న సైటు, కెనడా వాళ్ళది, బొమ్మ ఇస్తే అదే బొమ్మ ఇంకా ఎక్కడెక్కడుందో చెప్తుంది. ఓల్డెస్ట్ అని సార్ట్ చేస్తే 2013లోనే యూరప్‌లో ఎవరిదో టూరిజం పేజీలో అదే ఫొటో కనపడింది. ఇక్కడో మాట, ఆ ఓల్డెస్ట్ అంటే ఫొటో తీసిన తారీఖు కాదు, టిన్‌ఐ దాన్ని మొదటిసారి చూసిన తారీఖు, నేనైతే మొదట్లో తీసిన రోజే అనుకున్నా. ఎలా చూసినా అది గ్రేట్ వైట్ పెలికాన్, మన ఊరిది కాదు. మావాడెవడో క్యాప్షన్ అతికించేశాడంతే. గూగుల్ లెన్స్‌లో కూడా పెట్టి చూశా, అది అదే ఫొటో కంటే దాన్ని పోలినవి ఎక్కువ చూపించింది, పక్షి పేరు కనుక్కోడానికి లెన్స్ మేలు, ఫొటో ఎవరిదో తేల్చుకోడానికి టిన్‌ఐ మేలు, నా అనుభవంలో అయితే అంతే.

అక్కడ నుంచి అసలు దారి తెలిసింది. పక్షిని తెలుగు పేరుతోనో ఇంగ్లీషు పేరుతోనో కాదు, శాస్త్రీయ నామంతో వెతకాలి. పెలికానస్ ఫిలిప్పెన్సిస్. పిల్ల బుక్కులోనే ఉంది ఆ పేరు, మనం చూళ్ళేదు. వికీపీడియా వాళ్ళ ఉచిత ఫొటోల ఖజానా వికీమీడియా కామన్స్‌లో ఆ పేరు కొడితే ఒక కేటగిరీ మొత్తం తెరుచుకుంది, కర్ణాటకలో రంగనతిట్టు, కొక్కరె బెళ్ళూరు, మన గుంటూరు పక్కన ఉప్పలపాడు, శ్రీలంక, ఇలా ఎక్కడెక్కడివో. కొన్ని ఫొటోలకి తీసిన చోటు మ్యాప్‌లో కూడా కనపడుతుంది. కామన్స్ మొదలైంది 2004లో, ఇప్పుడు పది కోట్ల పైన ఫైళ్ళున్నాయంట, అందులో తేలినీలాపురం అని వెతికితే నాకు పనికొచ్చేది ఏమీ దొరకలేదు. కోపం వచ్చింది, మళ్ళీ నామీద నాకే వచ్చింది, ఇన్నిసార్లు వెళ్ళి ఫోన్లో తీసుకున్న ఫొటోలు నేనేమైనా ఎక్కించానా?

ఉప్పలపాడువీ కొక్కరె బెళ్ళూరువీ తీసుకుని, వీడియోలో ఏ ఊరివో కింద రాయాలని రూల్ పెట్టుకున్నాం. పిల్ల మొదట ఒప్పుకోలేదు, "అలా రాస్తే మన ఊరు వీడియోలా ఉండదు మావయ్యా" అని. ఇప్పుడే కదా వేరే దేశం ఫొటోతో మోసపోయాం, మనం కూడా అదే చేద్దామా అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరేలే అంది.

ఓపెన్‌వర్స్ అని ఇంకోటుంది, వర్డ్‌ప్రెస్ వాళ్ళు నడుపుతున్నారు, ఫ్లికర్ అనే ఫొటోల సైట్లోవీ కామన్స్‌లోవీ మ్యూజియంలవీ అన్నీ ఒక్కచోట వెతికిపెడుతుంది, ఫొటో కింద ఎవరికి క్రెడిట్ ఇవ్వాలో ఆ లైను రెడీగా కాపీ చేసుకోవచ్చు, ఇది మాత్రం చాలా హాయి. కానీ ఫొటోలూ ఆడియోలే, వీడియోలు ఉండవు. తెలుగులో కొడితే ఇక్కడా దండగే.

ఇక సౌండ్లు. అసలు కష్టం ఇక్కడ మొదలైంది.

జెనో కాంటో అని పక్షుల కూతలకే ఒక సైటుంది, 2005లో దక్షిణ అమెరికా పక్షులతో మొదలై ఇప్పుడు ప్రపంచం మొత్తానికీ విస్తరించింది, ఒక్కో రికార్డింగ్‌కి A నుంచి E దాకా క్వాలిటీ మార్కులు, ఏ దేశం, ఎంత ఎత్తులో, ఏం కూత, అన్నీ రాసుంటాయి. కోకిల కోసం వెతికితే ఎన్నో పేజీలు వచ్చాయి. గూడబాతు కోసం వెతికితే చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. ఎందుకంటే పెద్ద పెలికాన్లు దాదాపు మూగవే, గోలంతా గూళ్ళలో పిల్లలది. చిన్నప్పుడు ఆ చెట్ల కింద నిలబడి విన్న రొద గుర్తొచ్చింది, అదంతా పెద్దవే చేస్తున్నాయనుకునేవాణ్ణి.

దొరికిన వాటిల్లో బాగున్నదానికి లైసెన్స్ చూస్తే చివర ఎన్‌డీ అని ఉంది, అంటే మార్చకూడదు. నేనేం మారుస్తున్నా, ఉన్నది ఉన్నట్టు వీడియో వెనకాల పెడతా అనుకున్నా. కానీ క్రియేటివ్ కామన్స్ వాళ్ళ వివరణ చదివితే, కదిలే బొమ్మలకి సౌండ్‌ని జతచేయడం కూడా మార్చినట్టే లెక్కంట! వదిలేశా. స్కూలు వీడియోకి ఎవరు పట్టించుకుంటారు బావా అని మా బావకే నేను చెప్పా, నాకు నేనే ఒప్పుకోలేకపోయా. మరో రికార్డింగ్ ఎన్‌సీ, ఎస్‌ఏ అని ఉన్నది దొరికింది, ఎస్‌ఏ అంటే మన వీడియోని కూడా అదే లైసెన్స్‌తో వదలాలి, ఎన్‌సీ అంటే అమ్మకానికి పెట్టకూడదు. మాకేం అభ్యంతరం, ఎవరు కొంటారు గనక.

తర్వాత పల్లెటూరి పొద్దున వాతావరణం కావాలి, బ్యాక్‌గ్రౌండ్‌కి. దానికి ఫ్రీసౌండ్. బార్సిలోనాలో పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళది, ఇది కూడా 2005లోనే మొదలైంది. వినడానికి ఏమీ అక్కర్లేదు, దింపుకోవాలంటే మాత్రం అకౌంట్ ఉండాలి. ఇందులో నాకు బాగా నచ్చింది లైసెన్స్ ఫిల్టర్ పక్కనే కనపడటం, సీసీ జీరో (క్రియేటివ్ కామన్స్‌లో ఏ షరతూ లేనిది) పెట్టుకుంటే క్రెడిట్ గోల కూడా లేదు. విలేజ్ మార్నింగ్ అని కొట్టి ఒక మూడు నిమిషాల ముక్క దింపా, చెట్లు, గాలి, దూరంగా ఏవో పిట్టలు, భలే ఉంది. పిల్లకి వినిపించా. ఒకటిన్నర నిమిషం దగ్గర ఆగి, "ఇదేం పిట్ట మావయ్యా, నవ్వుతోంది" అంది. నిజమే, ఎవరో పడీపడీ నవ్వుతున్నట్టు ఉంది. పేజీ కిందికి వెళ్ళి వివరణ చదివితే క్వీన్స్‌లాండ్ అని ఉంది, ఆస్ట్రేలియా! ఆ నవ్వేది కూకబర్రా. పాత హాలీవుడ్ అడవి సినిమాల్లో ఆఫ్రికా అయినా ఎక్కడైనా ఈ పిట్ట నవ్వే వేసేవాళ్ళు, నేనేమో టెక్కలిలో వేయబోయా. రికార్డ్ చేసినాయన తప్పేం లేదు, శుభ్రంగా రాశాడు, చదవంది నేను.

తర్వాత ఇండియా అని కలిపి వెతికా. ఆటో హారన్లు, రైల్వే స్టేషన్లు, గుడి గంటలు, బజారు గోల, ఇవి బోలెడు. బయటివాళ్ళు టూరుకొచ్చి ఏం విని ఆశ్చర్యపోతారో అవన్నీ ఉన్నాయి, మనం రోజూ వినేవి లేవు. గేదె కొమ్ములు గోలేనికి తగిలే చప్పుడు, పొలంలో మోటారు, చీపురుతో వాకిలి ఊడ్చే చప్పుడు, ఇలాంటివి మనకి ఎలా వెతకాలో కూడా తెలీదు, ఇంగ్లీషులో ఏ మాట కొట్టాలి? చీపురు చప్పుడుకి స్వీపింగ్ అని కొడితే ఏవో ఎలక్ట్రానిక్ సౌండ్లు వచ్చాయి.

వీడియోలు. పెక్సెల్స్, పిక్సబే అని ఉచిత ఫొటోలూ వీడియోలూ ఇచ్చే సైట్లున్నాయి, రెండింట్లోనూ పెలికాన్ అంటే క్లిప్పులు కుప్పలు తెప్పలు, మంచి క్లారిటీ. ఒక క్లిప్‌లో పక్షి గాల్లోంచి బాణంలా సముద్రంలోకి దూకి చేపని పట్టుకుంటుంది, పిల్లకి అదే కావాలి. కానీ అది అమెరికా తీరాల్లో ఉండే బ్రౌన్ పెలికాన్, అది అలా దూకుతుంది గానీ మన గూడబాతు అలా దూకదు, నీళ్ళ మీద ఈదుతూ సంచిని వలలా ముంచి తీస్తుంది. టీచర్ పట్టుకుంటారో లేదో గానీ ఆ ఊరివాళ్ళెవరైనా చూస్తే నవ్వుతారు. యూట్యూబ్‌లో ఫిల్టర్స్‌లో క్రియేటివ్ కామన్స్ అని ఉంటుంది, అది పెట్టి వెతికితే ఎవరో ఉప్పలపాడులో తీసిన వీడియో దొరికింది, కెమెరా కొంచెం ఊగుతోంది, వెనకాల సినిమా పాట వేశారు. బొమ్మకి క్రియేటివ్ కామన్స్ ఇచ్చారు సరే, ఆ పాట వాళ్ళది కాదు కదా, సౌండ్ తీసేసి బొమ్మ మాత్రం వాడాం. వికీమీడియా కామన్స్‌లో ఇంకో క్లిప్ దొరికితే అది వెబ్ఎమ్ ఫార్మాట్, పిల్ల ఫోన్లో ఎడిటింగ్ యాప్ దాన్ని తీసుకోలేదు, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ4గా మార్చి పంపా. దీనికే ఒక సాయంత్రం పోయింది, ఎక్కువ చెప్పను.

మధ్యలో ఒక రాత్రి దారితప్పి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో పడ్డా. పాత ప్రకృతి పుస్తకాలన్నీ స్కాన్ చేసి పెట్టారు. ఒకప్పుడు నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1860ల్లో అచ్చేసిన పక్షుల పుస్తకం ఉంది అందులో, ఒక్కో పక్షి కింద హిందీ పేరు, తమిళం పేరు, తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో. వీడియోకి ఒక్క ముక్క కూడా పనికిరాలేదు, రెండింటి దాకా చదువుతూ కూచున్నా. నూట అరవై ఏళ్ళ కిందట ఆయన మనవాళ్ళని అడిగి రాసుకున్న పేర్లు అవి, ఇప్పుడు నేను సెర్చ్ బాక్స్‌లో తెలుగు పేరు కొడితే బాతు గుడ్ల రేటు వస్తోంది.

అసలు గొడవ చివర్లో వచ్చింది. పిల్ల రాసుకున్న స్క్రిప్ట్ మొదటి వాక్యం ఇదీ: వేల కిలోమీటర్ల దూరంలోని సైబీరియా నుంచి మా ఊరికి వచ్చే అతిథులు. మా అందరికీ అవి సైబీరియా పక్షులే, ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెప్తారు. కానీ నాలుగు వారాలుగా ఏ సైటు తెరిచినా ఈ పక్షి మ్యాపు కనపడుతూనే ఉంది, దక్షిణ భారతం, శ్రీలంక, అస్సాం, కంబోడియా. సైబీరియా దరిదాపుల్లో ఒక్క చుక్క లేదు. నీళ్ళనీ తిండినీ బట్టి ఇక్కడిక్కడే తిరుగుతాయి, గూళ్ళు పెట్టే సీజన్‌కి ఇక్కడికి చేరతాయి. చెప్తే మా అక్క ఒప్పుకోలేదు, "చిన్నప్పట్నుంచీ సైబీరియా అనే కదరా విన్నాం, నువ్వు నాలుగు రోజులు ఇంటర్నెట్ చూసి మార్చేస్తావా" అని. పిల్ల మాత్రం నిమిషం ఆలోచించి వాక్యం కొట్టేసి, అతిథులు కాదు, పుట్టింటికొచ్చే ఆడపడుచులు అని రాసింది. ఇక్కడే పుడతాయి కదా అంది. నాకైతే ఆ ఐడియా వచ్చేది కాదు.

వీడియో అయింది, 5 నిమిషాలు అనుకున్నది 6 అయింది, అందులో ముప్పావు నిమిషం క్రెడిట్సే, పదకొండు పేర్లు, సగం పేర్లు ఎలా పలకాలో తెలీదు. టీచర్ క్రెడిట్స్ కట్ చేయమన్నారంట, పిల్ల కుదరదంది.

పల్లెటూరి పొద్దున సౌండ్ ఏమైందంటే, ఫ్రీసౌండ్‌లో దొరక్క విసుగొచ్చి ఒక రోజు ఐదింటికి లేచి పెరటి గుమ్మంలో ఫోన్ పెట్టి తనే రికార్డ్ చేసింది. వాళ్ళ కోడి, పక్కింటి గేదె, మా అక్క ఊడ్పు, మధ్యలో మా బావ దగ్గు. దగ్గు కట్ చేసి, సీసీ జీరో కింద ఫ్రీసౌండ్‌లోకి ఎక్కించాం, అక్కడ మోడరేటర్లు విని ఓకే చేస్తే గానీ బయటికి కనపడదు, ఆ రెండు రోజులూ పిల్ల గంటకోసారి ఫోన్ చేసింది. నిన్న చూస్తే ఏడుగురు డౌన్‌లోడ్ చేసుకున్నారు. పేరు ఇంగ్లీషులో పెట్టి, వివరణలో చీపురు, పెరడు, కోడి కూత అని తెలుగులో కూడా రాయించా.