రోజుకో క్వార్టర్ అంటే ఎంత?

ఎంత తాగుతారని అడిగితే మన ఊళ్లలో అందరూ సీసాల లెక్కలోనే సమాధానం చెబుతారు. ‘రాత్రికి ఒక క్వార్టర్’, ‘రెండు బీర్లు, అంతకు మించి ముట్టను’, ‘ఆదివారం మాత్రమే, అదీ హాఫ్’ అంటారు. సీసా పరిమాణం అందరికీ తెలుసు గానీ, ఆ సీసాతోపాటు ఒంట్లోకి వెళ్తున్న ఆల్కహాల్ ఎంతో చాలామందికి తెలియదు. తగ్గించాలనే ఆలోచన ఉన్నవారు ముందుగా తెలుసుకోవలసింది ఆ రెండో సంగతేనని నా గట్టి నమ్మకం.

మన దుకాణాల్లో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల లేబుల్ మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే తూకంలో దాదాపు 60 గ్రాములు ఉంటుంది. వైద్యులు 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింకుగా లెక్కిస్తారు కాబట్టి, ‘ఒక్క క్వార్టరే’ అనుకునేది నిజానికి ఆరు డ్రింకులు. బీరు విషయంలో భ్రమ ఇంకా ఎక్కువ. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉండవచ్చు. అలాంటి సీసా ఒక్కటే నాలుగు డ్రింకులు, రెండు సీసాలైతే క్వార్టర్‌ను దాటిపోయినట్టే. ‘నేను మందు తాగను, బీరే’ అనే మాటకు కాలేయం దగ్గర విలువ లేదు.

ఇంట్లో సొంతంగా వంచుకునేవారి కొలత మరీ నమ్మదగినది కాదు. మా బావ ‘రెండు పెగ్గులే’ అని ఎప్పుడూ అంటుండేవారు. ఒక సాయంత్రం, ‘బావా, రోజూ పోసుకునేంత ఈ గ్లాసులో పోయండి’ అని అడిగి, నీళ్లు కలపకముందే దాన్ని దగ్గు మందుతో వచ్చే చిన్న ప్లాస్టిక్ మూతతో కొలిచాను. ఆయన పెగ్గు 60 మిల్లీలీటర్లు కాదు, 90కి దగ్గరగా ఉంది. అంటే ఆయన రెండు పెగ్గులూ కలిపితే పూర్తి క్వార్టర్. ఆయన కాసేపు ఆ మూతనే చూసి, ‘గ్లాసు పెద్దదిరా’ అన్నారు. ఆ మాట నిజమే. వెడల్పాటి గ్లాసులో మనిషి కన్ను ఎప్పుడూ తక్కువే చూస్తుంది.

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే విడగొట్టగలదు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం, ఇవేవీ ఆ వేగాన్ని పెంచవు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టిన క్వార్టర్ పూర్తిగా ఖర్చయ్యేసరికి తెల్లవారుజాము అవుతుంది. హాఫ్ తాగినవారి రక్తంలో మర్నాడు ఉదయం ఆఫీసుకు బండి తీసే వేళకు కూడా ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. ‘పడుకుని లేచాను కదా, దిగిపోయింది’ అనుకుని పిల్లలను బడిలో దింపడానికి బయలుదేరే తండ్రులు ఈ లెక్కను ఒక్కసారి చేసి చూడాలని కోరుకుంటున్నాను.

విడగొట్టే క్రమంలో కాలేయం ఆల్కహాల్‌ను మొదట అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీసే పదార్థం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. గుట్కా, ఖైనీ, సిగరెట్టు అలవాటు కూడా తోడైతే నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ‘కొద్దిగా తాగితే గుండెకు మంచిది’ అన్న పాత మాటను ఇప్పటికీ వాట్సాప్‌లో పంచుకుంటున్నారు గానీ, ఆరోగ్యానికి హాని లేని పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. రక్తపోటు పెరగడం, గుండె లయ తప్పడం, నిద్ర త్వరగా పట్టినా రాత్రి రెండో సగంలో చెదిరిపోవడం కూడా మద్యం చేసే పనులే. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం తినకుండా మంచింగ్‌తోనే సరిపెడితే రాత్రి వేళ చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు; పక్కనున్నవారు దాన్ని మత్తు అనుకుని వదిలేస్తారు.

కాలేయం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది చాలాకాలం ఏ బాధా చూపించదు. మొదటి దశలో కొవ్వు పేరుకుంటుంది. ఆ దశలో పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లోనే అది తగ్గడం మొదలవుతుంది. అలాగే కొనసాగిస్తే కొందరిలో వాపు, ఆ తర్వాత మచ్చ కట్టి గట్టిపడే సిర్రోసిస్ వస్తాయి. కాళ్లు ఉబ్బడం, పొట్టలో నీరు చేరడం, రక్తం వాంతి కావడం చివరి దశలోని లక్షణాలు. ఈ వరుసలో కళ్లు పచ్చబడినప్పుడు మనవాళ్లు చాలామంది ఆసుపత్రికి బదులు కామెర్లకు ఆకు పసరు పోసేవారి దగ్గరికి వెళ్తారు. మా బంధువుల్లో ఒకాయన అలా పసరు తాగుతూ, పత్యం చేస్తూ వారాలు గడిపి, పొట్ట ఉబ్బిన తర్వాత గానీ డాక్టరును చూడలేదు. వైరస్ వల్ల వచ్చే కొన్ని రకాల కామెర్లు వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి పసరుకు పేరు వచ్చింది. తాగేవారికి వచ్చే కామెర్లు వేరు, అక్కడ పోయిన ప్రతి వారమూ ప్రాణానికి సంబంధించినదే.

తగ్గించడం ఎలా అన్న ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న వేసుకోవాలి. ఉదయం లేవగానే చేతులు వణుకుతున్నాయా, చెమటలు పడుతున్నాయా, ఒక చుక్క పడితే గానీ నెమ్మదించడం లేదా? గతంలో మానినప్పుడు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా? ఈ ప్రశ్నల్లో దేనికి ‘అవును’ అనే జవాబు వచ్చినా ఇంట్లో ఒక్కసారిగా మానేయకూడదు. అలవాటు పడిన మెదడుకు మద్యం హఠాత్తుగా ఆగిపోతే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ, లేనివి కనిపించడం వంటివి రావచ్చు. అది ప్రాణాంతకం కూడా కావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడిన కొద్దిరోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో జనం పెద్దసంఖ్యలో వచ్చారు. తెలంగాణ పల్లెల్లో మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటైన వారికీ ఇదే ప్రమాదం ఉంది. ఇలాంటి వారికి డాక్టరు పర్యవేక్షణలో కొద్దిరోజుల మందులు, బీ1 విటమిన్ అవసరం. నీరసమని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం సరిపోదు. బీ1 లోపం ఉన్న మనిషికి ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడుకు నష్టం జరిగే అవకాశం ఉంది.

అంత దూరం వెళ్లనివారు సొంతంగానే తగ్గించుకోవచ్చు. 30 మిల్లీలీటర్ల కొలత మూతతో పోసుకుని, ప్రతి మూతనూ ఒక డ్రింకుగా రాసిపెట్టుకుంటే వారం తిరిగేసరికి అసలు లెక్క కళ్ల ముందుంటుంది. చవకని ఫుల్ బాటిల్ కొని బీరువాలో పెట్టుకోవడం మానేయాలి; ఇంట్లో సరుకు లేకపోవడమే సగం బలం. వారంలో ఏయే రోజులు ముట్టకూడదో ముందే నిర్ణయించి, ఆ సంగతి ఇంట్లో చెప్పాలి. కడుపు నిండా అన్నం తిన్న తర్వాత తాగాలనే కోరిక చాలామందికి సగానికి సగం తగ్గుతుంది, కాబట్టి భోజనాన్ని గంట ముందుకు జరపడం మంచి పని. ఇంటి దారిలో వైన్ షాపు ఉంటే దారి మార్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. సిట్టింగ్‌లో ‘ఇంకొక్కటి’ అని గ్లాసు నింపే స్నేహితుడిని ఎదుర్కోవడమే అన్నిటికన్నా కష్టం. గ్లాసు ఖాళీ చేయకుండా చేతిలో ఉంచుకోవడం, ‘డాక్టరు వద్దన్నారు’ అని ఒకే మాట మీద నిలబడటం పనిచేస్తాయి. నిజంగా మన మేలు కోరే స్నేహితుడికి రెండోసారి చెప్పాల్సిన పని ఉండదు.

ఇంటి ఆడవాళ్లకు ఒక మాట చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు వ్యతిరేకంగా వీధికెక్కారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. నిషేధం వచ్చినా పోయినా భారం మోసేది ఇంటి ఇల్లాలే. ఆ నిస్సహాయతలోనే చాలామంది గోడల మీద ‘తెలియకుండా తాగుడు మాన్పిస్తాం’ అన్న ప్రకటనలు నమ్మి, భర్త కూరలో పొడి కలుపుతున్నారు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ అనే, మద్యంతో పడని మందు ఉంటే, ఆ సంగతి తెలియక మద్యం తాగిన మనిషికి రక్తపోటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఆ మందు వాడేవారికి తెలిసి, వారు ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే వాడాలి. కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి ఇతర మందులూ ఉన్నాయి. ఏది ఎవరికి తగునో మానసిక వైద్యులు నిర్ణయిస్తారు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలీ మానస్ నంబరు 14416కు, లేదా వ్యసన విముక్తి సహాయ నంబరు 14446కు ఫోన్ చేయవచ్చు. భార్య గానీ, తల్లి గానీ, తాగే మనిషే గానీ చేయవచ్చు.

ఇంకొక్క విషయం. కాలు విరిగో, మరో ఆపరేషన్ కోసమో ఆసుపత్రిలో చేరినప్పుడు తాగుడు సంగతి దాచకండి. ‘అప్పుడప్పుడూ’ అనకుండా, రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్నది అంకెల్లో చెప్పండి. మనిషి సిగ్గుపడి చెప్పకపోతే పక్కనున్నవారు చెప్పండి. మూడో రోజున రోగి మంచం దిగి పారిపోబోయినప్పుడు, అది మద్యం ఆగిపోవడం వల్ల వచ్చిందని డాక్టరు వెంటనే గుర్తుపట్టగలిగేది ఆ అంకెలు కేస్ షీటులో ఉంటేనే.