బడిలో జొన్న పాఠం

వరంగల్ చుట్టుపక్కల జొన్న, పెసర వేసిన చెలకల్లో ఇప్పుడు ఎటు చూసినా పత్తే. పత్తి అమ్మి పప్పు కొనుక్కుంటున్నం. పిల్లలకు తిండి ఎట్ల పండుతదో బడిలోనైనా నేర్పాలె.

జూన్‌లో బడి తెరవంగనే మొలక పరీక్షతో మొదలుపెట్టాలె. తడిపి గట్టిగ పిండిన గోనెసంచి మీద 100 జొన్న గింజలు వరుసగ పేర్చి, చుట్టి నీడన ఉంచాలె. నీళ్లు కారేటట్టు ఉంటే గింజ కుళ్లుతది, ఆరితే మొలకెత్తదు. వారంలో 75 కన్నా తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు. విత్తేటప్పుడు సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, లోతు మూడు సెంటీమీటర్లు ఉండాలె. విత్తుడు జూలై దాటితే మొవ్వు ఈగ (దీని పురుగు లేత మొక్క మొవ్వును తింటది) మొక్కను చంపుతది. లేత జొన్నను పశువులు మేస్తే ప్రాణానికే ముప్పు, ఇది పిల్లలకు తప్పక చెప్పాలె.

పండినంక రొట్టె వాళ్లతోనే చేయించండి. పిండిని మరిగే నీళ్లతో కలపాలె. చన్నీళ్లతో కలిపితే అంచులు పగులుతయి.