సెస్నా ఎక్కండి, కిందుగా ఎగరండి

ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది నేరుగా పెద్ద జెట్‌లో కూర్చుంటారు. శంషాబాద్‌లో లేపి, 35,000 అడుగులకు తీసుకెళ్లి, ఆటోపైలట్ పెట్టేసి మబ్బులు చూస్తారు. అందులోనూ ఆనందం ఉంది, కాదనను. కానీ నేల చూడాలంటే సెస్నా 172 అనే చిన్న విమానం తీయండి. రెక్కలు తలపైన ఉంటాయి కాబట్టి కిందికి చూడ్డానికి అడ్డం రావు, వేగం గంటకు 200 కిలోమీటర్ల చుట్టుపక్కలే, 1,500 అడుగుల్లో పోతుంటే ఊరు తర్వాత ఊరు తీరిగ్గా కనిపిస్తుంది.

నాకు బాగా ఇష్టమైన రూటు రాజమండ్రి నుంచి పాపికొండలు. మధురపూడి ఎయిర్‌పోర్టులో లేచి పడమటికి తిరిగితే గోదావరి దొరుకుతుంది, ఇక మ్యాప్ అక్కర్లేదు, నదిని పట్టుకుని ఎగువకు పోవడమే. ఇసుక తిన్నెలు, పట్టిసీమ, పోలవరం, ఆ తర్వాత రెండు పక్కలా కొండలు దగ్గరికి జరుగుతూ నది సన్నబడుతుంది, అక్కడ ఇంకాస్త కిందికి దిగి వంపు వంపుకీ విమానాన్ని వాల్చుకుంటూ పోతుంటే ఆ సుఖమే వేరు.

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఈ నేలంతా బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రాలే. రెండు పెటాబైట్లకు, అంటే ఇరవై లక్షల జీబీకి పైగా డేటా, మన హార్డ్ డిస్క్‌లో ఎక్కడ పడుతుంది, అందుకే ఎగురుతున్నంతసేపూ నెట్ నుంచి దిగుతూనే ఉంటుంది. ఇళ్లు, చెట్లు ఎక్కడున్నాయో కూడా ఆ ఫొటోల్లోంచే ప్రోగ్రామ్ గుర్తుపట్టి నిలబెడుతుంది. లైవ్ వెదర్ పెట్టుకుంటే ఇక్కడ ముసురు పడితే అక్కడా ముసురే. నది మాత్రం ఫొటో తీసిన నాడు ఎలా ఉందో అలాగే ఉంటుంది, వరద గోదారిని చూద్దామంటే కుదరదు.

నేల ఎంత బాగున్నా విమానం కూడా విమానంలా నడవాలి కదా. ఈ విషయంలో ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్ అంటే నాకు గౌరవం, రెక్కని ముక్కలు ముక్కలుగా లెక్కగట్టి ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలంగా పనిచేస్తుందో అప్పటికప్పుడు తేలుస్తుంది. ఏ సిమ్యులేటర్ అయినా, సెస్నాతో ఎత్తుకి పోయినప్పుడు ఇంజన్‌కి పోయే పెట్రోలు తగ్గించే ఎర్ర నాబ్ సంగతి చూడండి. పైన గాలి పలచన, పెట్రోలు మాత్రం కింద ఉన్నంతే వస్తుంటుంది, ఇంజన్ నీరసపడుతుంది. నాబ్‌ని కొంచెం కొంచెంగా వెనక్కి లాగితే ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు మెల్లగా పైకి కదులుతుంది, శబ్దం కూడా తేటపడుతుంది. ఆ ముల్లు కదలడం చూస్తే నాకు కొండలు చూసినంత సంతోషం.

ఇవన్నీ అలవాటయ్యాక నేపాల్ కొండల్లోని లుక్లా ఎయిర్‌పోర్టుకి వెళ్లండి. సుమారు 9,300 అడుగుల ఎత్తు, రన్‌వే పొడవు 527 మీటర్లే, పైగా కింది కొస కంటే పై కొస 60 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎదురుగా కొండ, దగ్గరికొచ్చాక మళ్లీ చుట్టి రావడం ఉండదు. మొదటిసారి సెస్నావాళ్లదే ఇంకాస్త పెద్ద విమానం కారవాన్‌తో, అక్కడి ఉదయం టైమ్ పెట్టుకుని దిగండి. నిజం విమానాలు కూడా ఎక్కువగా పొద్దుటే తిరుగుతాయి, మధ్యాహ్నానికి లోయలో గాలి లేస్తుంది.