ఒంటరి కొండ మీద క్యూ

అక్టోబరులో శనివారం పూట మొనాడ్నాక్ కొండకు వెళ్లకూడదని నాకు ముందే తెలుసు. తెలిసీ వెళ్లాను. మా అక్క కొడుక్కి సెలవు దొరికింది ఆ ఒక్కరోజే. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, దక్షిణాన జాఫ్రీ అనే ఊరి పక్కన ఉంటుంది ఈ కొండ. కారు నిలపడానికి చోటు ముందుగానే బుక్ చేసుకున్నాం కాబట్టి గండం గడిచింది. చేసుకోని వాళ్లు గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరుగుతున్నారు.

ఎత్తు 3,165 అడుగులే. కానీ దగ్గరలో దీనికి సాటి వచ్చే శిఖరం మరొకటి లేదు. దూరం నుంచి చూస్తే, అందరూ లేచి వెళ్లిపోయాక కూడా పందిట్లో ఒక్కడే కూర్చుండిపోయిన పెద్దమనిషిలా కనిపిస్తుంది. నిజానికి జరిగిందీ అదే. చుట్టూ ఉన్న రాయి కోట్ల ఏళ్లపాటు అరిగి కొట్టుకుపోయింది. ఇక్కడి షిస్టు, క్వార్ట్‌జైటు అనే రాళ్లు గట్టివి కావడంతో నిలిచాయి. విలియం మోరిస్ డేవిస్ అనే భూరూప శాస్త్రవేత్త ఇలాంటి కొండలన్నిటికీ దీని పేరే పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఒంటిగా మిగిలిన కొండ ఉన్నా పాఠ్యపుస్తకంలో అది మొనాడ్నాకే.

"అంటే ఇది పెరిగిన కొండ కాదు, మిగిలిన కొండ అన్నమాట" అన్నాడు మావాడు. నేను చెప్పాల్సిన మాట వాడే చెప్పేశాడు.

వైట్ డాట్ అనే దారి పట్టాం. రెండు మైళ్లలో దాదాపు 1,800 అడుగులు ఎక్కాలి. మొదట్లో బండ్లబాటలా వెడల్పుగా, మర్యాదగా ఉంటుంది. ఆ మర్యాద చూసి మోసపోయి నేను పాత బూట్లతోనే వచ్చాను. కాసేపటికి బాట అంటూ ఏమీ మిగలలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, వాటి మీద తెల్లరంగు చుక్కలు. చేతులు కూడా నేలకు ఆనించి ఎక్కాల్సిన ఒకచోట పదిహేను మంది వరుసగా నిలబడి ఉన్నారు. పైనుంచి దిగేవాళ్లకు దారి ఇవ్వాలి, ఆ తర్వాతే మన వంతు. "మామయ్యా, ఒంటరి కొండ అన్నావు కదా, ఇదేమిటి తిరునాళ్లలా ఉంది?" అని వాడు నవ్వుతుండగానే నా కాలు జారింది. మోకాలు గీరుకుపోయింది. వెనక నిలబడ్డ ఒకాయన, వీపు మీద నిద్రపోతున్న పసిపాపతో సహా వంగి, నా చేయి పట్టుకుని లేపాడు.

ఇంకొంత ఎక్కాక చెట్లు కురచబారాయి, ఆ తర్వాత మాయమయ్యాయి. అంతా బోడిరాయి, గాలి. మావాడికి హిమాలయాలకు వచ్చినంత సంబరం. కానీ ఈ ప్రాంతంలో ఇంత తక్కువ ఎత్తులో అడవి ఆగిపోనక్కర లేదు. 19వ శతాబ్దం మొదట్లో రైతులు పశువుల మేత కోసం కింది వాలులను కాల్చారు. 1820 ప్రాంతంలో, పడిపోయిన చెట్ల మధ్య తోడేళ్లు దాక్కుంటున్నాయని మళ్లీ నిప్పు పెట్టారు. చెట్లతోపాటు మట్టి కూడా పోయింది. మనం ఇంతమందిమి ఎగబడి వచ్చి చూసే ఆ విశాల దృశ్యం అప్పటి మంట పెట్టిన భిక్షే. ఈ సంగతి చెబితే వాడు ఫోను జేబులో పెట్టుకుని, కాసేపు దృశ్యాన్ని వదిలేసి కాళ్ల కింది రాతిని చూశాడు.

ఆ రాతి మీద చదవాల్సింది చాలా ఉంది. పూర్వపు యాత్రికులు ఉలితో చెక్కిన పేర్లు ఉన్నాయి. ఏదో తొందరలో గీకినవి కావు, శిలాఫలకానికి తగినంత పొందికైన అక్షరాలు. గంటల తరబడి కూర్చుని చెక్కి ఉంటారు. 1844 నుంచి 1860 లోపు నాలుగుసార్లు ఇక్కడికి వచ్చిన అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో మాత్రం ఇక్కడి మొక్కలను, రాళ్లను తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. కొండ మీద రాయడం కంటే అది మేలైన పద్ధతి అని నా అభిప్రాయం. పేర్లకు కాస్త అవతల, బండ మీద సమాంతరంగా సాగిన గీతలు ఉన్నాయి. ఇవెవరు గీశారని వాడు అడిగాడు. మంచుయుగంలో ఈ శిఖరం మీదుగా కదిలిన హిమానీనదం, అడుగున ఇరుక్కున్న రాళ్లతో గీసినవి అవి.

శిఖరం మీద నుంచి న్యూ ఇంగ్లండ్‌లోని, అంటే అమెరికా ఈశాన్య మూలనున్న ప్రాంతంలోని, ఆరు రాష్ట్రాలూ కనిపిస్తాయంటారు. మాకు మసకలో బోస్టన్ మేడలు లీలగా కనిపించాయి, అంతే. ఏ రాష్ట్రం ఎక్కడ మొదలవుతుందో గాలికి కళ్లు నీళ్లు కారుతుంటే ఎవరు లెక్కపెడతారు?

దిగేటప్పుడు వైట్ క్రాస్ దారిలో వచ్చాం. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు శిక్ష. మధ్యలో ఒక బండ మీద కూలబడ్డప్పుడు మావాడు అడిగాడు: "పేరు చెక్కకపోతే మనం వచ్చినట్టు గుర్తేమిటి మామయ్యా?"

పంట్లాము చిరుగు పక్కకు తీసి మోకాలు చూపించాను. "నా తోలు కొంత పైనే ఉందిలే. పద."