అన్నీ నార్మల్ అన్నారు

అమ్మా నాన్నా విడాకులు తీసుకుంటున్నామని నన్ను కూర్చోబెట్టి చెప్పినప్పుడు నాకు 14 ఏళ్లు. నేను ఏడవలేదు. "సరే" అని నా గదిలోకి వెళ్లి, మిగిలిన లెక్కలు పూర్తిచేసుకున్నాను. మూడు వారాల తర్వాత కడుపునొప్పి మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరైనా అని ఉంటే, వాళ్లతో మాట్లాడటమే మానేసేదాన్ని.

నొప్పి బొడ్డు చుట్టూ వచ్చేది. పొద్దున బడికి బయలుదేరే వేళకు మెలిపెట్టినట్టు పట్టేసి, గంటకో రెండు గంటలకో వదిలేది. రక్తపరీక్షలు, స్కానింగ్, చివరికి ఎండోస్కోపీ కూడా చేశారు. అన్నీ నార్మల్. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నార్మల్ అయితే నేను అబద్ధమాడుతున్నట్టే కదా! దగ్గరి బంధువొకరు ఆ మాట పైకే అన్నారు. దాన్ని నేనింకా క్షమించలేదు.

మూడో డాక్టరు గారు మాత్రం రిపోర్టులు పక్కన పెట్టి, "నీ నొప్పి నిజమైనదేనమ్మా" అన్నారు. ముందు కొన్ని ప్రశ్నలు అడిగారు. బరువు తగ్గానా, మలంలో రక్తం పడుతోందా, విడవకుండా జ్వరం వస్తోందా, నిద్రలో నొప్పి లేపేస్తోందా అని. ఇవేవీ లేవన్నాను. (ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.) నొప్పి నెలకు కనీసం 4 సార్లు, కనీసం రెండు నెలలుగా వస్తోందని కూడా నిర్ధారించుకున్నాక దాని పేరు చెప్పారు: ఫంక్షనల్ అబ్డామినల్ పెయిన్. పేగుల్లో పుండూ లేదు, వాపూ లేదు. అయితే పేగుల గోడల్లో 10 కోట్లకు పైగా నాడీకణాలుంటాయి. అవి మెదడుతో అనుక్షణం మాట్లాడుతూనే ఉంటాయి. దిగులు, భయం ముదిరితే ఆ నాడులు సున్నితమైపోయి, మామూలు కదలికను కూడా నొప్పిగా మోసుకెళ్తాయి. స్కానింగులో ఇది కనబడదు. నా నొప్పికి ఒక పేరుందని తెలిసిన ఆ రోజు నేను హాయిగా నిద్రపోయాను.

ఆమె నన్ను కౌన్సెలర్ దగ్గరికి పంపారు. అక్కడ చేయించే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చుకునే చికిత్స) అంటే ఏవో ఓదార్పు మాటలనుకున్నాను. నిజానికి అది చాలావరకు సాధన. పొట్ట లేచి పడేలా నిదానంగా ఊపిరి తీయడం, నొప్పి వచ్చిన వేళ మనసులో ఏముందో రాసుకోవడం, నొప్పి ఉన్నా బడికి వెళ్లడం. మొదట రెండు పీరియడ్లు, తర్వాత సగం రోజు, ఆ తర్వాత రోజంతా. అమ్మానాన్నలకు కూడా ఒక నియమం పెట్టారు. గంటగంటకూ "నొప్పి ఎలా ఉంది?" అని అడగకూడదు.

నాలుగోసారి కలిసినప్పుడు కౌన్సెలర్ నన్నొక ప్రశ్న అడిగారు. "ఈ నొప్పి పూర్తిగా తగ్గిపోతే, నువ్వు పోగొట్టుకునేది ఏమైనా ఉందా?"

నాకు ఆసుపత్రి బెంచీ గుర్తొచ్చింది. ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోని అమ్మా నాన్నా, అక్కడ నాకు చెరోపక్క కూర్చునేవారు. నాన్న ఫైలు పట్టుకునేవారు, అమ్మ నా చెయ్యి పట్టుకునేది. డాక్టరు గారు చెప్పింది అర్థం కాకపోతే, నా మీదుగా వంగి ఒకరినొకరు అడిగేవారు. నొప్పిని నేను తెచ్చుకోలేదు. కానీ పరీక్షలు ఇంకా కొన్ని మిగిలి ఉండాలని మాత్రం కోరుకున్నాను. ఈ మాట చెప్పేటప్పటికి ఎక్కిళ్లు ఆగలేదు. ఆమె తొందరపెట్టలేదు. చివరికి, "విడిపోవాలన్నది వాళ్ల నిర్ణయం. నీ నొప్పి దాన్ని తేలేదు, ఆపనూ లేదు" అన్నారు.

ఆ తర్వాత నెలల తరబడి నాకు కోపమే. అది కూడా కోలుకోవడంలో భాగమని నా నమ్మకం. "మీ నాన్నకు చెప్పు", "మీ అమ్మనడుగు" అంటూ ఇద్దరూ నన్ను మధ్యలో తిప్పేవారు. అలాంటి రోజుల మర్నాడే నొప్పి ఎక్కువని నా నోటుపుస్తకమే చెప్పింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు చెప్పేది వినాలని 12వ అధికరణం ఉందని కౌన్సెలర్ చూపించారు. నేనొక పేజీ రాసి ఇద్దరికీ ఇచ్చాను. ఎక్కడ ఏ రోజులు ఉండాలనుకుంటున్నానో రాశాను. కబుర్లు మోయనని రాశాను. నాన్న చదివి చాలాసేపు మాట్లాడలేదు. అమ్మకు కోపం వచ్చింది, రెండు రోజులకు తగ్గింది.

ఇప్పుడు నాకు 16. నొప్పి పూర్తిగా పోలేదు, పరీక్షల ముందు పలకరిస్తుంది. కిందటి నెల డాక్టరు గారు, "అవసరమైతే తప్ప ఇక రానక్కర్లేదు" అన్నారు. ఒకప్పుడు నేను అన్నిటికంటే భయపడిన మాట అది. ఆ రోజు ఇద్దరూ వచ్చారు. బయటికొచ్చాక నాన్న ఫైలు అమ్మకివ్వబోయారు.

"నాకివ్వండి నాన్నా, నా దగ్గర ఉంటుంది" అన్నాను.